నాలుగు వరుసల పట్టిక

సున్నా, సున్నా, సున్నా.
సున్నా, ఒకటి, ఒకటి.
ఒకటి, సున్నా, ఒకటి.
ఒకటి, ఒకటి, సున్నా.

ఇంతే పట్టిక. అడ్డంగా నాలుగు వరుసలు, నిలువుగా మూడు, మొత్తం పన్నెండు అంకెలు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు వచ్చే బస్సులో టికెట్టు వెనక రాసుకోవచ్చు. ఇందులో ఏ రెండు నిలువు వరుసలనైనా తీసుకుని పైనుంచి కిందికి చదవండి. సున్నా-సున్నా, సున్నా-ఒకటి, ఒకటి-సున్నా, ఒకటి-ఒకటి: నాలుగు జతలూ వస్తాయి, ఒక్కోటీ ఒక్కసారే వస్తుంది. మొదటిదీ రెండోదీ చూసినా అంతే, రెండోదీ మూడోదీ చూసినా అంతే, మొదటిదీ మూడోదీ చూసినా అంతే. టెలికాం, నెట్‌వర్క్ భద్రత అని ఎం.టెక్.లో చెప్పే చదువంతటిలోనూ నన్ను ఇంతగా కట్టిపడేసింది మరొకటి లేదు.

ఈ పట్టిక జాతి రహస్యాల కోసం పుట్టలేదు, చేల కోసం పుట్టింది. ఆదోని చుట్టుపక్కల నల్లరేగడిలో పత్తి వేసే రైతుకు మూడు సందేహాలు ఉన్నాయనుకుందాం. పాత విత్తనమా, కొత్తదా? ఎరువు వెయ్యాలా, మానాలా? ఇంకో తడి పెట్టాలా, వద్దా? అన్ని రకాలుగా కలిపి చూడాలంటే ఎనిమిది మడులు కావాలి. ఈ పట్టిక ప్రకారం వేస్తే నాలుగు చాలు. కొత్త విత్తనం ఎరువుతో ఒకసారి, ఎరువు లేకుండా ఒకసారి, తడితో ఒకసారి, తడి లేకుండా ఒకసారి పరీక్షకు నిలుస్తుంది. పాత విత్తనానికీ అదే న్యాయం. మూడూ ఒకదానితో ఒకటి మరీ పెనవేసుకోనంత వరకు, దేని గుణం దానికి విడిగా తేలిపోతుంది. సగం భూమి, సగం ఖర్చు, సగం శ్రమ. ఇలాంటి పట్టికలకు ఆర్థోగొనల్ అర్రేలని పేరు. 1947లో వీటికి ఒక సిద్ధాంతం కట్టి నిలబెట్టినవాడు కల్యంపూడి రాధాకృష్ణ రావు, ప్రపంచానికి సి.ఆర్. రావు.

ఆయన పుట్టింది 1920 సెప్టెంబరు 10న, హడగలిలో. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. హడగలి అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్ళారి జిల్లా. ఆదోని తాలూకా కూడా అదే బళ్ళారి జిల్లా, ఆ తాలూకాలోదే ఎమ్మిగనూరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో కలిశాయి, హడగలి మైసూరు వైపు పోయింది. ఇప్పుడది కర్ణాటకలో విజయనగర జిల్లా. గీత మారింది గానీ, ఆయన పుట్టినప్పుడు హడగలిలో రేగిన ధూళీ ఎమ్మిగనూరులో రేగిన ధూళీ ఒకే కలెక్టరు కిందివి. తండ్రిది పోలీసు శాఖలో బదిలీల ఉద్యోగం. దానితో రావు చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం అంటూ ఊళ్లు మారింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఎ. చేసి, సైన్యంలో లెక్కల ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లాడు. అది దొరకలేదు. దొరక్కపోవడం మన అదృష్టం. 1941లో అక్కడి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు.

పై చదువు అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను చెప్పే కథ ఆయనదే. పాతికేళ్లయినా నిండని రావు కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతున్నాడు. కొలతలు లెక్కలేనన్ని ఉన్నప్పుడు మన అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే, గణాంకశాస్త్రవేత్త ఫిషర్ తేల్చిన ఫలితం అది. తరగతిలోంచి ఒక విద్యార్థి లేచి, కొలతలు కొన్నే ఉంటే ఈ మాట నిలబడుతుందా, దాన్ని మీరెందుకు నిరూపించకూడదు అన్నాడు. ఆ విద్యార్థి వి.ఎం. దండేకర్, తర్వాతి కాలంలో పేరుపడ్డ ఆర్థికశాస్త్రవేత్త. రావు ఇంటికి వెళ్లి రాత్రంతా కూర్చున్నాడు, నిరూపణ పూర్తయింది, తర్వాతి తరగతిలో చెప్పేశాడు. 1945లో అచ్చయింది. క్రామర్-రావు హద్దు అంటున్నది దాన్నే. పక్షపాతం లేని అంచనా ఏదైనా సరే, ఎంతటి మేధావి వేసినా సరే, అందులోని చెదురు ఈ గీతకంటే కిందికి దిగదు అని అది చెబుతుంది. అడగడం తెలిసిన విద్యార్థి ఒకడు, అడిగినందుకు కోపం తెచ్చుకోని గురువు ఒకడు, మధ్యలో ఒక్క రాత్రి. చదువుకు ఇంతకన్నా ఏం కావాలి?

ఆ గీత ఈనాడు సంకేతాల మీద ఎం.టెక్. చేసే ప్రతి విద్యార్థికీ తెలుసు. ఫోను ఎక్కడుందో టవర్లు ఎంత దగ్గరగా చెప్పగలవు? గోడలకూ గుట్టలకూ తగిలి చెదిరి వచ్చిన రేడియో తరంగం నుంచి అసలు దారిని ఎంత బాగా పోల్చుకోగలం? థీసిస్‌లో విద్యార్థి తన పద్ధతి వక్రాన్ని గీస్తాడు. దాని అడుగున చుక్కల గీత ఒకటి ఉంటుంది, పక్కన సీఆర్‌ఎల్‌బీ అని, అంటే క్రామర్-రావు హద్దు అని, రాసి ఉంటుంది. విద్యార్థి వక్రం ఆ చుక్కల గీతను ఆనుకుందంటే గైడు ముఖం వెలుగుతుంది. గీత కిందికి దిగిందంటే ప్రోగ్రాములో తప్పుందనో, అంచనాలో పక్షపాతం దూరిందనో అర్థం, వెళ్లి వెతుక్కోవాలి. ప్రపంచంలో ఏ మూల విశ్వవిద్యాలయంలోనైనా ఇదే ఆచారం.

ఇక ఆ నాలుగు వరుసల దగ్గరికి రావాలి.

మొదటి నిలువు వరుసకు మాట అని పేరు పెట్టండి. రెండోదానికి తాళంచెవి. మూడోదానికి గుప్తలేఖ. మాటలోని అంకె, తాళంచెవిలోని అంకె ఒకటే అయితే గుప్తలేఖలో సున్నా, వేరువేరైతే ఒకటి. గాలిలో పోయేది గుప్తలేఖ ఒక్కటే. దారిలో కాపు కాసినవాడికి ఒకటి చిక్కింది. అసలు మాట ఏమిటి? పట్టికలో చూడండి. గుప్తలేఖ ఒకటి అయిన వరుసలు రెండు. ఒకదానిలో మాట సున్నా, ఇంకోదానిలో ఒకటి. రెండూ సమానం. దొంగకు గుప్తలేఖ మొత్తం దొరికింది, దానితో తెలిసింది మాత్రం శూన్యం. వాడి కంప్యూటరు ఎంత పెద్దదైనా, వాడికి వెయ్యేళ్లు గడువిచ్చినా ఇంతే, ఎందుకంటే అక్కడ విప్పడానికి చిక్కుముడి అంటూ లేదు. ఈ సంపూర్ణ గోప్యతను క్లాడ్ షానన్ 1949లో అచ్చయిన వ్యాసంలో నిరూపించాడు. రావు పట్టికలకూ షానన్ నిరూపణకూ నడుమ రెండేళ్లే ఎడం. ఒకరు చేలల్లో పక్షపాతం తీసేయడానికి లెక్క కట్టారు, మరొకరు మాటల్లో ఆచూకీ తీసేయడానికి. ఇద్దరి చేతికీ వచ్చింది ఒకే సమత. మొదటిసారి ఇది కాగితం మీద కనబడ్డప్పుడు లేచి నాలుగడుగులు వేయకుండా కూర్చోగలిగినవాణ్ని నేను నమ్మను.

దీనికో ఇబ్బంది ఉంది. మాట ఎంత పొడుగో తాళంచెవి అంత పొడుగుండాలి, ఒకసారి వాడినది మళ్లీ వాడకూడదు. సోవియట్ గూఢచారులు 1940ల్లో పంపిన కొన్ని సందేశాల్లో తాళంచెవి కాగితాలు రెండోసారి వాడకంలోకి వచ్చాయి, ఆ పొరపాటు పట్టుకునే అమెరికా వెనోనా పేరుతో వాటిని ఏళ్ల తరబడి విప్పుకుంది. రోజువారీ ఫోనుకు అంత పొడుగు తాళంచెవి ఇవ్వలేం. అందుకే సంపూర్ణ గోప్యత నుంచి ఒక మెట్టు దిగి, 128 అంకెల పొట్టి తాళంచెవితో పని నడిపే విద్య వచ్చింది. పొట్టి అన్నానే గానీ, 128 సున్నా-ఒకట్లతో కట్టగల తాళంచెవులెన్నో రాయాలంటే 39 అంకెల సంఖ్య అవుతుంది. అన్నీ ఒక్కొక్కటే తిప్పి చూస్తానని కూర్చున్నవాడి గతి చెప్పనక్కరలేదు.

ఆ 128 అంకెలు ఎక్కడున్నాయంటే, సుగ్గికి, అంటే కూలి పనులకు వలస పోయినవాళ్ల దగ్గర ఉన్నాయి. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు అందని ఊళ్లలో, వానలు మొహం చాటేసిన ఏడు, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, నందవరం వైపు నుంచి జనం మూటాముల్లె కట్టుకుని గుంటూరు మిర్చి కోతలకు వెళతారు. పిల్లలు కొందరు అవ్వాతాతల దగ్గర, కొందరు సీజనల్ హాస్టళ్లలో ఉండిపోతారు. పొద్దుగూకాక గుంటూరు చేలగట్టు మీంచి ఫోను మోగుతుంది. "అన్నం తిన్యావా, నాయనా?"

ఆ మూడు మాటలు బయలుదేరేలోపు ఏం జరుగుతుందో తెలుసుకోవడమే ఈ చదువు. ఆ తల్లి ఫోనులోని సిమ్ములో ఒక తాళంచెవి ఉంది. దాని జోడు కంపెనీ సర్వరులో ఉంది. ప్రపంచం మొత్తం మీద ఆ రెండు చోట్లే. ఫోను నెట్‌వర్కులో కలుస్తానన్నప్పుడు అటునుంచి ఒక అంకెల వరస వస్తుంది, ఇంతకుముందు ఎవరికీ పంపనిది, అప్పటికప్పుడు పుట్టింది. దాన్నీ తాళంచెవినీ కలిపి సిమ్ము లోపలే లెక్క చేసి జవాబు పంపుతుంది. అవతల సర్వరు కూడా అదే లెక్క చేసుకుని సరిపోల్చుకుంటుంది. సరిపోయిందా, ఈ సిమ్ము మనదే. తాళంచెవి మాత్రం సిమ్ము గడప దాటదు, ఒక్కసారి కూడా గాలిలోకి రాదు. తన దగ్గర ఉందని రుజువు చేస్తుంది, ఉన్నదేమిటో చెప్పదు. ఆ లెక్కలోంచే ఆ పూటకు మాత్రం పనికొచ్చే తాళంచెవులు పుడతాయి, ఫోనుకూ టవరుకూ మధ్య తల్లి గొంతును అవి కప్పుతాయి. మర్నాడు కొత్తవి. మిర్చి ఘాటుకు చేతులు మండుతున్న మనిషి ఒక బటను నొక్కితే ఇంత జరుగుతుంది, అదీ రెప్పపాటులో.

రెండో తరం ఫోన్లలో ఈ పరీక్ష ఒకవైపే ఉండేది. ఫోను తానెవరో చెప్పుకునేది, టవరు మాత్రం చెప్పుకునేది కాదు. దొంగ టవరు పెట్టినవాడికి అది పండగ. మూడో తరం నుంచి నెట్‌వర్కు కూడా తనను తాను రుజువు చేసుకోవాలి. 5జీలో అయితే చందాదారు శాశ్వత సంఖ్యను కూడా గుప్తలేఖగా మార్చి పంపే ఏర్పాటు ఉంది. ఆ రెండో తరంలోనే ఎ5/1 అనే గుప్తలిపి పద్ధతిని బయటకు చెప్పకుండా దాచారు. 1990ల్లోనే గుట్టు బయటపడింది, పండితులు దాన్ని బద్దలు కొట్టారు. ఆగస్ట్ కెర్క్‌హాఫ్స్ 1883లోనే చెప్పాడు, యంత్రం శత్రువు చేతికి చిక్కినా నష్టం ఉండకూడదు, తాళంచెవి ఒక్కటే గుట్టుగా ఉండాలని. ఈ చదువులో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగేది ఈ సూత్రం మీద. ఇప్పుడు లోకమంతా వాడే ఏఈఎస్ పద్ధతిని బహిరంగ పోటీ పెట్టి ఎంచుకున్నారు. ఇద్దరు బెల్జియం గుప్తలిపి నిపుణులు చేసిన దాన్ని, పగలగొట్టగలిగితే పగలగొట్టండని ఏళ్ల తరబడి అందరి ముందూ పెట్టి, చివరికి 2001లో ప్రమాణం చేశారు. కర్నూలులో చదివే పిల్లకైనా, జ్యూరిక్‌లో చదివే పిల్లవాడికైనా దాని ప్రతి మెట్టూ తెరిచే ఉంటుంది. తాళం తయారీ అందరికీ నేర్పి, అయినా తలుపు తెరుచుకోకుండా కాపాడే విద్య ఇది.

ఎమ్మిగనూరులో మగ్గం దగ్గర నమూనా గీసే గళ్ల కాగితం చూసినవాళ్లకు ఈ సున్నా-ఒకట్లు కొత్తగా అనిపించవు. నిండిన గడి దగ్గర పడుగు దారం పైకి లేస్తుంది, ఖాళీ గడి దగ్గర కిందే ఉంటుంది, అంచు మీద పువ్వు పూస్తుంది. మాచాని సోమప్ప 1938లో ఇక్కడ నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన నాటికి షానన్ తన మాస్టర్స్ థీసిస్ అప్పుడే ముగించి ఉన్నాడు. టెలిఫోను ఎక్స్ఛేంజిల్లో టకటకమనే రిలేలు పడే స్థితులు రెండే, పడటమో లేవటమో, వాటితో తర్కాన్నంతా లెక్కగా చేయవచ్చన్నది అందులోని సంగతి. రాసినప్పుడు అతనికి ఇరవయ్యొక్కేళ్లు. మాస్టర్స్ థీసిస్ అంటే రెండో సంవత్సరం చివర్లో బైండింగు చేయించి అల్మారాలో పెట్టేదని అనుకునేవాళ్లు దాన్ని ఒకసారి తిరగేయాలి.

ఇంకో విద్యార్థి కథ. 1974లో బర్క్‌లీలో రాల్ఫ్ మెర్కిల్ అనే కుర్రాడు, ముందుగా ఏ తాళంచెవీ పంచుకోని ఇద్దరు అందరూ వింటుండగానే రహస్యం కుదుర్చుకోవచ్చని ఒక ప్రాజెక్టు రాసిచ్చాడు. పాఠం చెప్పే ఆయనకు అది ఎక్కలేదు. కుర్రాడు ఆ కోర్సు వదిలేశాడు, ఆలోచన వదల్లేదు. రెండేళ్లకు విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ అదే దారిలో ఇంకా చక్కని పద్ధతి ప్రకటించారు. ఈ పూట ఫోనులో బ్యాంకు పేజీ తెరిచిన ప్రతిసారీ నడిచేది ఆ సంతతే. అపరిచితులిద్దరు నడిబజారులో నిలబడి, అందరి చెవినా పడేలా మాట్లాడుకుని, చివరికి ఇద్దరికే తెలిసిన సంఖ్యతో విడిపోతారు. గణితం తెలిశాక కూడా ఇది నమ్మబుద్ధి కాదు.

జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర రోజు రథం కదిలే వేళకు ఫోన్లు పలకవు. విసుక్కోవడం తేలిక. ఒక్క టవరు కింద అన్ని వేల ఫోన్లు ఒకేసారి నన్ను పలకరించమంటున్నాయి. 4జీలో ఒక టవరు విభాగానికి తలుపు తట్టే పిలుపులు 64 రకాలే. ప్రతి ఫోనూ వాటిలో ఒకటి చీటీ తీసినట్టు ఎంచుకుంటుంది. ఇద్దరు ఒకే పిలుపు ఎంచుకుంటే ఢీ. అప్పుడు రెండూ తలా కొంతసేపు, ఎంతసేపన్నదీ చీటీయే, ఆగి మళ్లీ తడతాయి. 1971లో హవాయి దీవుల మధ్య రేడియోతో కంప్యూటర్లను కలిపిన నార్మన్ అబ్రామ్సన్ బృందం నుంచి వచ్చిన మర్యాద ఇది. క్యూ లేదు, పెద్దమనిషి లేడు, అదృష్టాన్నే క్రమశిక్షణగా మార్చుకున్నారు. జాతరలో మనుషుల తోపులాట కంటే ఫోన్ల తోపులాటే మర్యాదగా జరుగుతుంది.

జాతర లేని రోజుల్లో ఇబ్బంది తిరగబడుతుంది. జనం పల్చన, పొలాలు విశాలం, టవరు దూరం. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 5జీకి పల్లె నమూనా పెట్టినప్పుడు టవర్ల మధ్య దూరం రెండు కిలోమీటర్ల లోపే అనుకున్నారు. మన పల్లెలు అలా ఉండవని, ఆరు కిలోమీటర్ల ఎడం ఉన్నా పనిచేయాలని భారత బృందాలు వాదించి ఒప్పించాయి. ఆ పనిలో సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాదుది ముఖ్యమైన చేయి. అందుకోసం ఆ బృందాలు రూపొందించిన పద్ధతికి 2021లో యూనియన్ గుర్తింపు వచ్చింది, తర్వాత అది ప్రపంచ ప్రమాణంలోనే కలిసిపోయింది. ఆరు కిలోమీటర్లు అంటే గోనెగండ్ల వైపు వెళ్లే రోడ్ల మీద ఊరికీ ఊరికీ ఉండే ఎడం లాంటిది.

ఈ విద్యకు ఇక్కడి నుంచి వెళ్లే పిల్లల దారి నాకు తెలుసు. ఎమ్మిగనూరుకు రైలు లేదు. ఆదోనికో మంత్రాలయం రోడ్డుకో పోయి రైలెక్కాలి, లేకపోతే కర్నూలు మీదుగా బస్సు. బి.టెక్. అయ్యాక స్నేహితులు ఉద్యోగాలకు వెళుతుంటే వీళ్లు గేట్ పుస్తకాలు ముందేసుకుంటారు. సీటు వస్తే నెలకు 12,400 రూపాయల ఉపకారవేతనం. ఇంట్లో ఇంకా చదువేమిటని అడుగుతారు, అడగడంలో తప్పులేదు. చదవడానికి చోట్లు లేకపోలేదు. 2015లో మొదలైన ట్రిపుల్ ఐటీ కర్నూలు జగన్నాథగట్టు మీద ఉంది. హైదరాబాదులో రిజర్వు బ్యాంకు 1996లో పెట్టిన ఐడీఆర్‌బీటీ ఉంది, బ్యాంకులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సొంత నెట్‌వర్కు కట్టిన చోటు అది. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో సి.ఆర్. రావు పేరు మీదే ఒక సంస్థ ఉంది, అక్కడ గుప్తలిపి గణితం మీద పని జరుగుతుంది. సికింద్రాబాదులో 1957 నాటి రైల్వే సిగ్నల్, టెలికం శిక్షణ సంస్థ ఉంది. రైళ్లు ఢీకొనకుండా కాపాడే కవచ్ వ్యవస్థ గురించి నేర్పేది అక్కడ. ఇంజనూ స్టేషనూ రేడియోలో మాట్లాడుకునేటప్పుడు, ఆ మాట నిజంగా స్టేషనే అన్నదా అన్న ప్రశ్న రైలు నిండా మనుషులకు సంబంధించింది. అక్కడ గుట్టు కన్నా ముద్ర ముఖ్యం. అలాంటి ముద్రలను సంపూర్ణంగా కట్టే ఒక మార్గం మళ్లీ ఆర్థోగొనల్ అర్రేల గుండానే పోతుందని తెలిసినప్పుడు, హడగలి ఇంకోసారి గుర్తొస్తుంది.

రావు 2023 ఆగస్టు 22న అమెరికాలో కన్నుమూశారు, నూట రెండేళ్లు నిండి నూట మూడో ఏట. ఆ ఏడే అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఆయనకు ఇచ్చారు, 1945 నాటి ఆ పేపరుకే ప్రధానంగా. డెబ్బయ్యెనిమిదేళ్లు ఆలస్యం అని కొందరు నిట్టూర్చారు. నేను నిట్టూర్చను. ఇన్నేళ్లూ ఆ పని ఒక్కరోజు కూడా ఊరికే కూర్చోలేదు.

1947 నాటి పనిలోనే ఆయన ఇంకో హద్దు కూడా తేల్చారు. పైన రాసిన పట్టికకు నాలుగో నిలువు వరుస చేర్చడం ఎవరి తరమూ కాదు, నాలుగు అడ్డవరుసలకు మూడు నిలువు వరుసలే పరిమితి. అనుమానముంటే ప్రయత్నించి చూడండి, అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. తేలాక రెండు అంకెలకు బదులు మూడు తీసుకోండి: సున్నా, ఒకటి, రెండు. అడ్డంగా తొమ్మిది వరుసలు గీయండి. ఏ రెండు నిలువు వరుసలు చూసినా తొమ్మిది జతలూ ఒక్కోసారి రావాలి. ఈసారి నిలువుగా నాలుగు పడతాయని రావు లెక్క చెబుతోంది, అయిదు పట్టవంటోంది. మొదటి రెండూ నింపడం ఎవరికైనా వస్తుంది. మూడో వరుసకు ఆ రెండింటినీ కూడి, మూడు దాటితే మూడు తీసేయండి, సరిగ్గా మూడైతే సున్నా వేయండి. నాలుగోది ఎలా రావాలో నేను చెప్పను. పెన్సిలు తీసుకోండి.